పోలి వెళ్ళాక వండే మాంసం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ళకు కార్తీకం రెండుసార్లు ముగుస్తుంది. ఒడియావారి నెల పున్నమితో సరి. మనది అమావాస్య దాకా నడుస్తుంది. వాళ్ళ చివరి ఐదు రోజుల పంచుకలో కొంగ కూడా చేపను ముట్టదని అక్కడ చెప్పుకుంటారు. పున్నమి తెల్లారుజామున అరటిదొప్పల పడవలు నీళ్ళలో వదిలిన పక్కింటివాళ్ళు, మర్నాడు ఛాడఖాయి అని మాంసం వండుకుంటారు. ఆ తాలింపు వాసన గోడ దాటి వస్తున్నా, మనకింకా పక్షం రోజుల నిష్ఠ మిగిలే ఉంటుంది. అమావాస్య మర్నాడు పోలిని స్వర్గానికి పంపాకే మన పొయ్యి మీదికి మాంసం ఎక్కేది. అదీ మార్గశిర గురువారం కాకూడదు. ఆ రోజు రెండిళ్ళలోనూ లక్ష్మీదేవిదే.

ఇంతగా కాచుకున్న భోజనాన్ని కేటరింగ్ ట్రేలలో తెప్పించుకోవడం నా మనసుకు ఎక్కదు. మన తెలుగు సంఘంలో ఏటేటా అదే ఎక్కువవుతోంది.

మాంసం వేపుడు తొందరపడితే కుదరదు. ముందు రాత్రే ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించాలి. మూకుట్లో వేసి మూత పెడితే ముక్క తన నీరు తనే వదులుతుంది. ఎముకను అంటిపెట్టుకున్న గట్టి పీచు సన్నసెగ మీద మెల్లగా కరిగి జిగురవుతుంది, మెత్తదనమంతా దానివల్లే. పెద్దమంట పెడితే పైన మాడి, లోపల రబ్బరులా మిగులుతుంది. నీరు ఇగిరాక మూత తీసి నూనె తేలేదాకా కలుపుతూనే ఉండాలి. మిరియాల పొడి, గరం మసాలా దించే ముందు చల్లితే చాలు, ముందే వేస్తే మాడి చేదెక్కుతాయి. ఒడియావారి దగ్గర కషా (బాగా వేయించి దగ్గరకు ఇగిర్చిన మాంసం కూర) నేర్చినవాళ్ళు ఆవనూనెలో ఉల్లిపాయ ఎర్రబడేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలరు. ఇక్కడ అవెన్ ఉన్నవాళ్ళు మేక తొడను ఫాయిల్ కప్పి 160 డిగ్రీల సెల్సియస్‌లో రెండున్నర గంటలు ఉంచి, చివర్లో ఫాయిల్ తీసి ఎర్రగా కాలనివ్వచ్చు. తీయగానే కోయకండి. పావుగంట ఆగితే రసం ముక్కలోనే నిలుస్తుంది.

నా మట్టుకు ఆ రెండు మూడు గంటలే పండగ. ఒడియా స్నేహితులు పదిహేను రోజుల ముందే ఎందుకు తినేశారని పిల్లలు అడిగేది అప్పుడే. వాళ్ళ నెల పున్నమికీ మన నెల అమావాస్యకీ ఎందుకు ముగుస్తాయో తాతగారు చెప్పేదీ అప్పుడే. వెల్లుల్లి ఒలుస్తూ విన్నది పిల్లలకు గుర్తుంటుంది.

అలాగని ఒక్క ఇల్లాలే వండి, వడ్డించి, అందరూ లేచాక మూకుడు అడుగు గీరుకుని తినే పద్ధతి మళ్ళీ రాకూడదు. మగవాళ్ళు ముక్కలు కడగాలి, మూకుడు దగ్గర నిలబడి కలపాలి. వండినవాళ్ళు కూర్చోకుండా ఎవరూ మొదటి ముద్ద ఎత్తకూడదు. ఈ ఒక్క విషయంలో మన అమ్మమ్మల కాలాన్ని నేను వెనకేసుకురాను.

వనభోజనాలకు హాలు బుక్ చేసేటప్పుడే, పోలి తర్వాత వచ్చే మొదటి ఆదివారం ఏ కార్యక్రమమూ పెట్టవద్దని కార్యవర్గాన్ని కోరుతున్నాను. బరంపురం వాళ్ళు ఛాడఖాయికే వండుకుంటామంటే, ఛాడఖాయి తర్వాతి ఆదివారం కూడా ఖాళీగా ఉంచండి.