కౌలుకు తీసుకున్న చిన్నతనం

"పూతరేకులు మన దగ్గర్నుంచి బయటికెళ్తాయి గానీ, ఇలా ఎదురొస్తున్నాయేటండి?" అన్నాడు కొరియర్ కుర్రాడు. వాడి చేతుల్లో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళమైనా మందం లేని అట్టపెట్టె ఉంది. వాడి తప్పేం లేదు. ఆత్రేయపురం చుట్టుపక్కల ఇంత పలచటి పెట్టెలో, ఇంత జాగ్రత్తగా, ఇంకేం ప్రయాణం చేస్తుంది?

లోపల ఉన్నది ఎల్పీ రికార్డు, అంటే సూది పెట్టి తిప్పి వినే పెద్ద నల్ల ప్లేటు. అమెరికా టీవీలో వచ్చిన 'పీటర్ గన్' అనే డిటెక్టివ్ సీరియల్‌కి హెన్రీ మాన్సినీ కట్టిన సంగీతం. గ్రామీ అవార్డులు మొదలైన ఏడాదే, అంటే 1959లోనే, ఉత్తమ ఆల్బమ్ బహుమతి పట్టుకుపోయింది. ఖరీదు నా లెక్కలో మూడు బస్తాల ధాన్యం, తేమ తరుగు పోను.

ఆ సీరియల్ నేను చూడలేదు. మా ఆవిడ చూడలేదు. వశిష్ఠకీ గౌతమికీ మధ్య పుట్టి పెరిగిన వాళ్లలో దాన్ని వచ్చిన రోజుల్లో చూసినవారెవరైనా ఉంటే ముందుకు రావాలని మనవి, సన్మానం చేయిస్తాను. ఆ మాన్సినీ బహుమతి తీసుకునే నాటికి మన దేశంలో టీవీయే లేదు. ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది అదే ఏడాది సెప్టెంబరు 15న. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో.

"చూడని సీరియల్ పాట మీకెందుకండీ?" అంది మా ఆవిడ. పాట కాదు, టైటిల్ మ్యూజిక్ అని సవరించాను. "ఎంతసేపు?" అంది. రెండు నిమిషాల చిల్లర అన్నాను. మూడు బస్తాలని రెండు నిమిషాలతో ఆవిడ మనసులోనే భాగించుకోవడం నా కళ్లారా చూశాను.

ఈ విషయంలో సమాజానికి చాలా అపోహలున్నాయి గనక కాస్త వివరంగా చెప్పాల్సి వస్తోంది. మన డెల్టాలో భూమి ఒకరిది, దున్నేది ఇంకొకరు. ఆసామి టెక్సాస్‌లో ఉంటాడు, కౌలుదారు ఇక్కడ నారు పోస్తాడు. ఇందులో ఎవరికీ ఆశ్చర్యం లేదు. నాదీ అదే పద్ధతి. చిన్నతనం ఎవడో అమెరికావాడిది. రాత్రి భోజనాలయ్యాక నాన్న పక్కన సోఫాలో కూర్చుని ఆ ట్యూన్ విన్నది వాడు. ఇప్పుడు ముసలివాడై, షెడ్డు ఖాళీ చేసుకుంటూ రికార్డులు అమ్ముకుంటున్నాడు. వాడి జ్ఞాపకానికి మక్తా నేను కడుతున్నాను, పైగా కస్టమ్స్ సుంకంతో కలిపి. తేడా అల్లా ఒక్కటే. పొలం కౌలుకి చేసేవాడికి పంట మునిగినా గడ్డన్నా మిగులుతుంది.

కౌలు రైతులకి గుర్తింపు కార్డులు ఇస్తున్నారు కదా, జ్ఞాపకాల కౌలుదారులకి మాత్రం ఎందుకివ్వకూడదు? వినతిపత్రం రాసి పెట్టాను. ఏ శాఖకివ్వాలో తేలక ప్రస్తుతం దాన్ని రికార్డుకి లోపలి కవరుగా వాడుతున్నాను.

సొంత చెక్క లేదా అని మీరు అడగొచ్చు. ఉంది, అర ఎకరం. 1984లో దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు వరసపెట్టి నాటారు. ఆ తరవాతే మా లంకకీ గాల్లోంచి బొమ్మలు రావడం మొదలైంది. మా పెదనాన్నగారింట్లో ఈసీ టీవీ ఉండేది, చెక్క తలుపులూ దానికో తాళమూ. యాంటెన్నా వెదురుబొంగుకి కట్టి, ఆ బొంగుని కొబ్బరిచెట్టుకి కట్టారు. 1987 జనవరి 25, ఆదివారం, రామాయణం మొదటి భాగం. మా అన్నయ్య చెట్టు మీద, నేను గుమ్మంలో, జనం లోపల.

"వచ్చిందేంట్రా?"

"బొమ్మొచ్చింది, మాట రాలేదు!"

"ఇప్పుడో?"

"మాటొచ్చింది, బొమ్మ పోయింది!"

రెండూ కలిసేసరికి పేర్లన్నీ అయిపోయాయి. చెట్టు దిగితే మళ్లీ పోతుందని అన్నయ్యని దిగనివ్వలేదు. ఆ ఏడాదంతా రామాయణం టైటిల్ పాట వాడు కొబ్బరి మట్టల్లోంచే విన్నాడు. దూరదర్శన్ గుర్తు సుళ్లు తిరుగుతూ వచ్చి కన్నులా నిలబడేటప్పుడు వినిపించే రవిశంకర్ ట్యూన్ ఉంది చూశారూ, అది చెవిన పడితే మా పెద్దమ్మ ఉన్నపళంగా పొయ్యి మీది గిన్నె దింపేసేది. ఒక ట్యూన్ వినగానే వీధి వీధంతా ఖాళీ అయిపోవడం అంటే ఏమిటో అప్పుడు చూశాను.

ఆ ట్యూన్ మాత్రం నా పెట్టెలో లేదు. మా ఊళ్లోకి టీవీ ఒక గుమ్మంలోంచి వచ్చేసరికి రికార్డు ఇంకో గుమ్మంలోంచి వెళ్లిపోతోంది. మధ్యలో కాసెట్టు కుర్చీ వేసుకుని కూర్చుంది. అందుకే సొంత అర ఎకరం బీడుగా వదిలేసి, ఎక్కడో కాలిఫోర్నియాలో కౌలు చేస్తున్నాను. మా ఆవిడ మాత్రం బెండకాయలు తరుగుతూ 'మాల్గుడి డేస్' సీరియల్‌కి ఎల్. వైద్యనాథన్ కట్టిన తాననాలు తనకి తెలియకుండానే తీస్తూ ఉంటుంది, పైసా ఖర్చు లేకుండా. కలెక్టరు స్థాయిలో ఉన్న నేను ఇలాంటివి పట్టించుకోను. కలెక్టరంటే జిల్లా కలెక్టరు కాదు, సేకరించే కలెక్టరు. ఈ వివరణ మా మావగారికి పెళ్లిచూపుల్లోనే ఇచ్చి ఉండాల్సింది.

పాశ్చాత్య సంగీతపు లోతు మనవాళ్లకి అందదని నాకో గట్టి నమ్మకం ఉండేది. దాన్ని మా గుడి డోలు విద్వాంసుడు అరనిమిషంలో పాడుచేశాడు. 1966లో లాలో షిఫ్రిన్ 'మిషన్ ఇంపాజిబుల్' అనే అమెరికా సీరియల్‌కి కట్టిన టైటిల్ మ్యూజిక్ వేసి, ఇది నాలుగు దెబ్బల లెక్క కాదు, అయిదు, ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన కళ్లు మూసుకుని మోకాలి మీద వేళ్లు ఆడించాడు. "తకిట తకిట తక తక. పదక్షరాలండి, అయిదేసి చొప్పున రెండు ఖండాలు. ఆయ్, బాగానే వాయించాడండి కుర్రాడు." తరవాత కాఫీ అడిగాడు. షిఫ్రిన్‌కి ఇంతకన్నా మంచి సమీక్ష దొరికి ఉండదు. నాకు మాత్రం ఆ రోజు నిద్ర పట్టలేదు.

ఇక్కడ వ్యంగ్యం కాసేపు పక్కన పెడతాను, ఇది నాకు నిజంగా ఇష్టమైన ముక్క. బీబీసీ 'డాక్టర్ హూ' 1963లో మొదలైంది. రాన్ గ్రైనర్ రాసిచ్చిన ట్యూన్‌ని డెలియా డెర్బిషైర్ అనే ఆవిడ టేపు మీద తయారుచేసింది. సింథసైజర్లు బజారులో దొరికే రోజులు కావు. ప్రయోగశాలల్లో వాడే ఆసిలేటర్ల మోతలూ, ఒక తీగ మీటిన చప్పుడూ టేపు మీదికెక్కించి, వేగం మార్చి, ఒక్కో స్వరానికి ఒక్కో ముక్క కత్తిరించి, ముక్కకి ముక్క అతికించింది. తిరగేసిన కుండ మీద పిండి నీళ్ల గుడ్డ లాగి, ఒక్కో రేకూ ఊడదీసి, చిరక్కుండా పేర్చే మన ఆత్రేయపురం ఆడవాళ్ల పని చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. ఆ పెట్టె మీద రేకు తీసినావిడ పేరుండదు. ఈవిడ పేరూ సీరియల్ తెర మీద పడింది 2013లో. ఆవిడ పోయింది 2001లో. నిమిషానికి 45 చుట్లు తిరిగే ఆ చిన్న రికార్డుకి ఎంత పెట్టానో మా ఇంట్లో ఇంకా తెలియదు, దయచేసి చెప్పకండి.

మళ్లీ విషయానికొద్దాం. డెల్టాలో రికార్డులు పెంచడం రొయ్యల చెరువు కన్నా టెన్షన్. శ్రావణం వచ్చిందంటే అట్ట కవర్ల మీద తెల్లగా బూజు, వినైల్ గాడుల్లో సన్నటి చుక్కలు. పడుకోబెడితే అప్పడంలా వంగుతాయి, అందుకని బీరువాలో నిలబెట్టాను. పట్టుచీరలు పడుకున్నాయి. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు లిక్విడ్ సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో గాడి తిరిగినవైపే తుడవాలి, అడ్డంగా రుద్దకూడదు, మధ్యలో లేబులు తడవకూడదు. పక్కింటి పిన్నిగారు ఇదంతా గోడ మీంచి చూసి, "కుంకుడు రసం అయితే ఇంకా బాగా పోద్ది నాయనా" అన్నారు. ఇంత శ్రద్ధగా నేను మా అబ్బాయికి ఎప్పుడూ తలంటలేదని కూడా అన్నారు. ఆ రెండో మాట అప్రస్తుతం.

లేబులు తడిస్తే ఏమవుతుందో మా ఊరి మైకుసెట్టు ఆయన్ని అడగాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి గోదారి వచ్చింది కదా, అప్పుడు ఆయన రెండు ట్రంకుపెట్టెల రికార్డులు మూడు రోజులు నీళ్లలో నానాయి. ప్లేట్లకేం కాలేదు. లేబుళ్లు మాత్రం ఊడి ఎటో పోయాయి. కడిగి ఆరబెట్టాక అన్నీ ఒకేలా ఉన్నాయి, నల్లగా, బోడిగా. ఆ మాఘంలో ఒక పెళ్లిలో తెల్లారగట్ల మంగళంగా ఉంటుందని చేతికందిన ప్లేటు వేశాడు. ఘంటసాల భగవద్గీత మొదలైంది. మన వైపు ఆ గొంతు ఆ శ్లోకాలతో వినపడిందంటే అర్థమేమిటో మీకు చెప్పక్కర్లేదు. పెళ్లికొడుకు బామ్మగారు పడుకున్న గది వైపు ఇరవైమంది పరుగెత్తారు. ఆవిడ లేచి కూర్చుని, ఎవరు పోయారని వాళ్లనే అడిగింది.

నా ప్లేయరు ఆయన దగ్గర కొన్నదే. మొన్న కొత్త రికార్డు వచ్చిన ఆనందంలో తెల్లారగట్ల అయిదింటికి వేశాను. సూది దిగగానే ముందు చిటపటలు, తరవాత 'పీటర్ గన్' కింది తీగ, ఒకే వరస మళ్లీ మళ్లీ, ఎవరో చీకట్లో మెట్లెక్కుతున్నట్టు. సగం కూడా కాలేదు, వీధి గుమ్మం చప్పుడైంది. ఎదురింటి మావయ్యగారు, భుజం మీద తువ్వాలుతో.

"ఎవరికి, అబ్బాయ్? ఎప్పుడు?"

ఎవరికీ ఏం కాలేదు మావయ్యా, ఇది అమెరికా డిటెక్టివ్ సీరియల్ మ్యూజిక్ అన్నాను. ఆయన కాసేపు అరుగు మీద కూర్చుని విన్నారు. మా ఆవిడ కాఫీ తెచ్చింది. రెండో పక్క తిప్పి వేశాను. గ్లాసు కింద పెట్టి, తువ్వాలు దులుపుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"నాతో దాపరికం ఏంటి గానీ, గీత ఎప్పుడేస్తావు?"