నిమ్మరసంలో ముంచిన గుడ్డకూ పేటెంటా?

మా అమ్మ ఇత్తడి చెంబు తోమడానికి చింతపండు పిప్పి వాడేది. పులుసు పిండేశాక మిగిలినదానికి చిటికెడు ఉప్పు చేర్చి రుద్దితే, కిలుం పట్టిన చెంబు కాస్తా రెండు నిమిషాల్లో తళతళలాడేది. అదే పులుపును మెత్తటి గుడ్డకు పట్టించి, ప్యాకెట్‌లో సీలు వేసి, ‘క్రిమిసంహారక ఆమ్ల వెట్ వైప్’ అని పేరు పెట్టి, ఇరవై ఏళ్లు ఇంకెవరూ చేయకూడదని హక్కు అడిగితే ఇవ్వాలా? ఇలాంటి దరఖాస్తుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఆ చెంబే గుర్తొస్తుంది. నా జవాబు ఒక్కటే: ఇవ్వకూడదు. పేటెంట్ ఆఫీసులో దరఖాస్తును పరీక్షించే ఎగ్జామినర్ ఎంత గట్టిగా నిలదీస్తే అంత మంచిది.

మన 1970 పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(డి) గురించి అందరూ మాట్లాడతారు, తెలిసిన మందునే కాస్త మార్చి మళ్లీ పేటెంట్ అడిగితే కుదరదనేది అదే. క్యాన్సర్ మందు మీద నోవార్టిస్ కంపెనీ కేసు 2013లో సుప్రీంకోర్టులో తేలాక దానికి అంత పేరొచ్చింది. దాని పక్కనే ఉన్న 3(ఇ)ని ఎవరూ పట్టించుకోరు. తెలిసిన పదార్థాలను కలిపితే వాటి గుణాలు ఒకచోట చేరడం తప్ప కొత్తగా ఏమీ పుట్టకపోతే అది ఆవిష్కరణ కాదంటుంది ఆ సెక్షన్. ఆమ్ల వైప్స్‌కు అతికినట్టు సరిపోయే మాట ఇది. సిట్రిక్ ఆమ్లం గార వదిలిస్తుంది. సబ్బులాంటి రసాయనం జిడ్డు లాగుతుంది. గ్లిజరిన్ చర్మం ఎండిపోకుండా చూస్తుంది. ఎవరి పని వాళ్లు చేసుకుపోతున్నారు. ముద్దపప్పు, ఆవకాయ, అప్పడం ఒకే విస్తట్లో వడ్డించినంత మాత్రాన కొత్త వంటకం పుట్టదు కదా!

ఆమ్లం కలపడమే మా కొత్తదనం అంటారా? సరుకు చెడకుండా కలిపే సోడియం బెంజోయేట్ పులుపులోనే బాగా పనిచేస్తుందని పచ్చళ్లు, కూల్‌డ్రింకులు తయారుచేసేవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. పీహెచ్ తగ్గినప్పుడు, అంటే పులుపు పెరిగినప్పుడు, అది బెంజోయిక్ ఆమ్లంగా మారి, క్రిమి పైపొర దాటుకుని లోపలికి పోతుంది. మన చర్మం పీహెచ్ 5 దరిదాపుల్లో, మామూలు సబ్బు 9–10 మధ్యలో ఉంటాయి కాబట్టి చర్మానికి కాస్త పుల్లటిదే నప్పుతుందని ఫార్మసీ విద్యార్థిని అడిగినా చెబుతాడు. ఆ రంగంలో చేయి తిరిగినవాడికి ఇట్టే తట్టేది ఆవిష్కరణ కాదని చట్టమే అంటోంది. 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. గిన్నెలను లేత్ మీద తిప్పేటప్పుడు పట్టి ఉంచే సాధనం గురించి ఆ గొడవ. వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే చిన్న సర్దుబాటుకు పేటెంట్ చెల్లదని కొట్టేసింది. చూశారా, అక్కడా గిన్నెలే!

చిన్న మార్పు కూడా మార్పే, మనలాంటి దేశంలో చిన్న పరిశ్రమలు అలాంటి మార్పులతోనే ఎదగాలి, తలుపులు మూసేస్తే ఎవరు ముందుకొస్తారు అని కొందరి వాదన. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ అదే చిన్న పరిశ్రమను రేపు నోటీసుతో బెదిరించేది కూడా ఇలాంటి పేటెంటే. ఆటోనగర్‌లో షెడ్డు వేసుకుని వైప్స్ ప్యాకింగ్ మొదలుపెట్టినవాడు లాయర్ ఫీజులు భరించగలడా?

అసలు కిటుకు వేరే ఉంది, దాన్ని ఎగ్జామినర్ అడగాలి. క్రిముల మీద పరీక్ష చేసింది సీసాలోని ద్రవంతోనా, గుడ్డను పిండగా వచ్చిన ద్రవంతోనా? ఈ తేడా చాలా పెద్దది. వైప్స్‌లో క్రిములను చంపడానికి తరచూ వాడే మందు బెంజాల్కోనియం క్లోరైడ్‌కు ధనావేశం ఉంటుంది. నూలు, విస్కోస్ పోగులకు స్వల్పంగా రుణావేశం. మందు వెళ్లి పోగుకు అతుక్కుపోతుంది. లేబుల్ మీద రాసినంత మందు బల్ల మీదికి రాదు. సీసాలో పులి, గుడ్డలో పిల్లి! ఫలానా ఆమ్లం ఫలానా మోతాదులో కలిపితే మందు పోగును వదిలి బయటికొస్తోందని, విడివిడిగా ఇంత, కలిపితే ఇంత అని పక్కపక్కన అంకెలు వేసి చూపించమనండి. అలా చూపించినవాడికి పేటెంట్ ఇస్తే నేనే చప్పట్లు కొడతాను. ‘0.1 నుంచి 10 శాతం వరకు ఏదైనా ఆర్గానిక్ ఆమ్లం’ అని వల విసిరేవాడికి మాత్రం కాదు.

ఆ మధ్య గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లినప్పుడు ఓ బస్తాలో చేయి పెట్టి చూశాను. పది నిమిషాలకు మంట ఎత్తుకుంది. సంచిలో ‘పేటెంట్ దరఖాస్తు చేయబడింది’ అని గొప్పగా రాసుకున్న వైప్స్ ప్యాకెట్ ఉంది. నాలుగు తీసి తుడిచాను. నిమ్మ వాసన వచ్చింది, మంట మాత్రం పోలేదు. తొడిమలు తీస్తున్న ఓ పెద్దామె నవ్వి, “దాంతో ఏం పోద్ది సారూ, కాస్త కొబ్బరినూనె రాయండి” అంది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. రోజంతా ఆ కాయలతోనే పనిచేసే చేతులకు ఉపశమనమిచ్చే గుడ్డను మన దగ్గర ఎవరైనా తయారుచేశారా? అది కదా అసలు సమస్య!

తయారుచేయరు, ఎందుకంటే మనవాళ్లకు కావాల్సింది గుడ్డ కాదు, లెక్క. 2014–15లో దేశంలో మంజూరైన పేటెంట్లు 6 వేల లోపు. 2023–24 నాటికి లక్ష దాటాయి. వాపు చూసి బలుపనుకుంటున్నాం. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పేటెంట్లకు మార్కులున్నాయి, మంజూరైనవాటికే కాదు, ప్రచురితమైనవాటికి కూడా. విద్యాసంస్థలకు 2021 నుంచి ఫీజులో 80 శాతం రాయితీ. ప్రచురణ అంటే దరఖాస్తు పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో అచ్చవడమే, ఎవరూ పరీక్షించినట్టు కాదు. మామూలుగా 18 నెలలకు అదే జరిగిపోతుంది, తొందరైతే ఫారం 9తో ఇంకాస్త ఫీజు కడితే నెల రోజుల్లోనే జర్నల్‌లో పేరు పడుతుంది. విజయవాడ–గుంటూరు దారిలో కాలేజీ గేట్ల మీద కనిపించే ‘పేటెంట్ సాధించిన మా అధ్యాపకులకు అభినందనలు’ ఫ్లెక్సీల్లో ఎన్ని మంజూరైనవో, ఎన్ని అచ్చైనవో ఓసారి లెక్కపెట్టి చూడండి.

అలాంటి ఓ ఫ్లెక్సీలో మా స్నేహితుడి ఫొటో కూడా ఉంది, ఏడుగురి మధ్యలో నాలుగోవాడు. ఎండకు అందరి ముఖాలూ వెలిసిపోయాయి. దరఖాస్తును పరీక్షించమని (ఎగ్జామినేషన్) 31 నెలల్లోగా విడిగా అడగకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క, 2024లో గడువు 48 నుంచి అంతకు తగ్గించారు, మరి మీవాళ్లు అడిగారా అని ఆరా తీశాను.

“దానికి మళ్లీ వేరే ఫీజు కట్టాలంట కదరా,” అన్నాడు.