చెవులకూ సాక్షి కావాలట

అక్టోబరు చివరి పూర్తి వారాంతం మాకు పండగ. మేమంటే హామ్‌లం, సరదాకి ఇంట్లో రేడియో పెట్టుకుని ఊరూ దేశమూ దాటి మాట్లాడేవాళ్లం. ఎవరు ఎక్కువమంది హామ్‌లను రేడియోలో పలకరిస్తారో తేల్చే సీక్యూ వరల్డ్‌వైడ్ మాటల పోటీ గ్రీనిచ్ లెక్కన శనివారం 00:00కి, అంటే మన గడియారంలో తెల్లవారుజామున 5:30కి మొదలై 48 గంటలు సాగుతుంది.

ఆ రెండు రోజులూ చెప్పేది రెండే ముక్కలు. ఫిఫ్టీ నైన్, ఆ వెంటనే పోటీ కోసం ప్రపంచాన్ని పంచిన జోన్లలో మన నంబరు 22. ఫిఫ్టీ నైన్ అంటే మీ మాట స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోందని. అవతలివాడు దోమ మూలిగినట్టు వినపడినా ఫిఫ్టీ నైనే. కాల్‌సైన్, అంటే రేడియోలో అతని పేరుగా పలికే అక్షరాలూ అంకెలూ, నాలుగుసార్లు చెప్పించుకుని మరీ ఇస్తాం. అబద్ధం కాదండీ, మర్యాద. పెళ్లిలో సాంబారు ఎలా ఉన్నా బాగుందనమా?

ఈ మర్యాదకు రికార్డింగ్ ఉండాలని నిర్వాహకుల నిబంధన. ఒంటరిగా పాల్గొని ప్రపంచంలోనో ఖండంలోనో మొదటి 3 స్థానాలకు పోటీపడేవాళ్లు చెప్పిందీ విన్నదీ మొత్తం దాచి, అడిగితే ఇవ్వాలి. అదీ కుడిచెవి ఒక ఛానల్, ఎడమచెవి ఒక ఛానల్. రెండు రేడియోలు రెండు చెవులకు తగిలించుకునే మహానుభావుల కోసం రాసిన రూలు అది. నాకున్నది ఒకే రేడియో, వాటర్ ట్యాంకుకు కట్టిన ఒకే డైపోల్ తీగ యాంటెన్నా. ఆసియా జాబితాలో నన్ను వెతకాలంటే చాలా కిందికి రావాలి. అయినా రికార్డు చేశాను. పైనున్నవాళ్లంతా ఒకేసారి అనర్హులైతే? అప్పుడు నా రెండు చెవులూ ఒకటే విన్నాయని నిరూపించేదెవరు?

ఎంపీ3లో 64 కేబీపీఎస్ పెడితే మొత్తం 1.4 జీబీ లోపే. నేను వేవ్‌లో చేశాను, 30 జీబీ దాటింది. న్యాయం దగ్గర కక్కుర్తి పనికిరాదు. అందులో ఓ 9 గంటలు నేను కుర్చీలో నిద్రపోతుంటే ఖాళీ బ్యాండు పెట్టిన బుసబుస. అదీ సాక్ష్యమే.

సోమవారం సాయంత్రం వినడానికి కూర్చున్నాను. లాగ్‌లో, అంటే ఎవరితో ఎప్పుడు మాట్లాడామో గ్రీనిచ్ టైముతో రాసే పట్టికలో, 'బి' అని రాసుకున్న చోట బల్గేరియా ఆయన శుభ్రంగా 'డెల్టా', అంటే 'డి', అంటున్నాడు. కాల్‌సైన్ తప్పితే ఆ కాంటాక్టు పోవడమే కాదు, దాని పాయింట్లకు రెండింతలు కోత కూడా. గబగబా దిద్దబోయాను. పోటీ అయ్యాక రికార్డింగులు విని లాగ్ సరిచేయడం నిషేధమట! అంటే సాక్ష్యం నేనే తయారుచేయాలి, నా ఇంట్లోనే దాచాలి. వినొచ్చు, కుమిలిపోవచ్చు. దిద్దుకోకూడదు. ముద్దాయికి ఇంత గౌరవం ఏ కోర్టులో దొరుకుతుంది?

కమిటీ నుంచి కబురు కోసం రోజూ మెయిల్ చూసుకున్నాను. రాలేదు. చివరికి రికార్డింగ్ అడిగిన మొదటి మనిషి మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు.

"శనివారం అర్ధరాత్రి దాటాక, 2 గంటలకి, మీ ఫ్లాట్‌లోంచి అరుపులని కంప్లైంటొచ్చిందండీ."

వినయంగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆ అరుపులున్న చోటికి తిప్పి, పక్కనే లాగ్ తెరిచి చూపించాను. అందులో టైము 20:30.

"ఓహో, ఎనిమిదిన్నరకా!" అని ఆయన, కంప్లైంటు ఇచ్చినవాళ్లను తిట్టుకుంటూ మెట్లు దిగారు.