పెద్దమ్మ ఉండగా పరీక్షలెందుకు?

ముప్పై, నలభై ఏళ్లు వచ్చినవాళ్లు క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లి 'నాకు ఆటిజం ఉందేమో చూడండి' అని అడగడం ఈమధ్య ఎక్కువైంది. నలుగురితో కలవడం, మాట్లాడడం చిన్నప్పటి నుంచీ వేరే తీరుగా ఉండడాన్నే ఆటిజం అంటున్నారు. ఇది మన సంప్రదాయ వైద్యం మీద జరుగుతున్న దాడి అని మనవి చేస్తున్నాను. ఈ నిర్ధారణ మన దగ్గర తరతరాలుగా పెళ్లి పందిళ్లలో, బంతి భోజనాల దగ్గర, పైసా ఖర్చు లేకుండా జరుగుతూనే ఉంది. 'వీడికి నలుగురిలో కలవడం చేతకాదు. అంతా పొగరు. పెళ్లయితే సర్దుకుంటాడు.' లక్షణం, కారణం, మందు, మూడూ అరనిమిషంలో తేలిపోయేవి. ఆడపిల్లయితే ఆ శ్రమ కూడా లేదు, 'బిడియం' అని పెద్దమ్మ ఫైలు మూసేసేది.

ఇప్పటి పద్ధతి చూడండి. రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. చేతిలో ఒక ఫిల్మ్ అయినా లేకుండా ఇంటికొచ్చిన మనిషి తాను వైద్యుల దగ్గరికే వెళ్లానని ఎలా నమ్మించాలి? ముందు 50 ప్రశ్నల కాగితం ఒకటి నింపమంటారు. 2001లో కేంబ్రిడ్జి పరిశోధకులు తయారుచేసింది. వడపోతకే తప్ప నిర్ధారణకు పనికిరాదని ఇచ్చేవాళ్లే చెబుతారు. పార్టీకి వెళ్లడం ఇష్టమా, లైబ్రరీకి వెళ్లడం ఇష్టమా అని అందులో ఒక ఆరా. మన ఊరి లైబ్రరీకి తాళం పడి ఎన్నేళ్లయిందో వాళ్లకు తెలియదు పాపం.

తర్వాత గంటల తరబడి ముఖాముఖి. చాలాచోట్ల వాడే ఒక పద్ధతిలో మాటల్లేని బొమ్మల పుస్తకం ఇచ్చి కథ చెప్పమంటారు. ఆ వరసలోనే స్నేహాల గురించి, ఒంటరితనం గురించి అడుగుతూ అడుగుతూ, మనుషులు పెళ్లెందుకు చేసుకుంటారని కూడా అడుగుతారు. తెలుగు నేల మీద ఇంతవరకు ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న ఇది. 'ముహూర్తం కుదిరింది కనక' అన్నది సరైన జవాబని పందిట్లో ఎవరైనా చెబుతారు. మనవాడు మాత్రం పది నిమిషాలు నిజాయతీగా ఆలోచిస్తాడు.

లక్షణాలు చిన్నతనం నుంచే ఉండాలన్నది నియమం కాబట్టి సాక్షిగా అమ్మను పిలుస్తారు. కొడుక్కి మంచి మార్కులు వేయిద్దామనే ఆవిడ వస్తుంది. "మావాడు బంగారమండీ. ఒక్కరోజు అల్లరి చేసి ఎరగడు. సోడా మూతలు వరసగా పేర్చుకుని పొద్దుగూకేదాకా ఒక్కడే ఆడుకునేవాడు. ఎవరైనా ఒక మూత జరిపితే మాత్రం రెండు రోజులు అన్నం ముట్టేవాడు కాదు. అంతేనండీ, మామూలు పిల్లాడే. వాళ్ల నాన్నా అంతే, రైల్వే టైంటేబుల్ మొత్తం కంఠతా వచ్చు." సైకాలజిస్టు తలెత్తకుండా రాసుకుంటూనే ఉంటారు. రాసేకొద్దీ అమ్మకు ఉత్సాహం.

ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలంటే లెక్క వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. దాన్ని కొలిచే కొలబద్ద తయారైంది మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఏ లక్షణమూ లేనివాడికి కూడా 40 ఖాయం. 35తో గట్టెక్కే జాతికి ఇంతకంటే ఉదారమైన పరీక్ష దొరకదు. 70 వస్తే ఆటిజం ఉన్నట్టు. చిక్కల్లా, అందులో చాలా ప్రశ్నలు పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఒకే ఆట ఒంటరిగా మళ్లీ మళ్లీ ఆడతాడా అన్న ప్రశ్న ముందు ఇంటి లోను కట్టుకుంటున్న మనిషి చేతులు కట్టుకుని కూర్చుని ఉంటాడు. కళ్లలోకి చూసి మాట్లాడతాడా? ఎందుకు చూడడు, కనుబొమల మధ్య చూస్తే కళ్లలోకి చూసినట్టే ఉంటుందని కాలేజీ రోజుల్లోనే కనిపెట్టి సాధన చేస్తున్నాడు. ఆ సాధనకు మార్కులు పడవు సరికదా, తగ్గుతాయి. ఈ నటనను పసిగట్టగలిగిన నిపుణులు దొరకడం అదృష్టం. ఒక్కోసారి ఇది ఆటిజం కాదు, ఆందోళన అనో, ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ అనో తేలుతుంది. ఆటిజంతో పాటు అవీ ఉన్నాయని కూడా తేలవచ్చు.

చివరికి పేజీలకు పేజీలు నివేదిక చేతికొస్తుంది. ఆటిజాన్ని పోగొట్టే మందు మాత్రం అందులో ఉండదు. సూచనలుంటాయి. కూర్చునేచోట వెలుతురు తగ్గించండి, హెడ్‌ఫోన్లు పెట్టుకోనివ్వండి. పోనీ, సరే. పని నోటితో చెప్పకుండా స్పష్టంగా రాసి ఇవ్వండి అని ఆఫీసుకు ఇంకో సూచన. ఇక్కడే నా తీవ్ర అభ్యంతరం. రాసి ఇస్తే, సోమవారం చెప్పిన మాటను గురువారం 'నేనలా అనలేదే' అనడం మేనేజరుకు ఎలా కుదురుతుంది? 'కాస్త చూసి చేసెయ్' అంటే ఏం చూడాలో, ఏం చేయాలో ముందు ఆయన తేల్చుకోవాలి. రేపు పక్క సీట్లలోని మామూలు మనుషులు కూడా 'మాకూ రాసి ఇవ్వండి సార్' అని లేచి నిలబడితే, ఆ సారుకు పరీక్ష పెట్టేదెవరు?