డిస్‌అప్రూవ్డ్ ముద్రవారి దివ్యసముఖమునకు

చెన్నై, జార్జ్‌టౌన్.

మహారాజశ్రీ డిస్‌అప్రూవ్డ్ ముద్రవారికి,

జార్జ్‌టౌన్‌లో తరతరాలుగా పాత్ర సామాను అమ్ముకుంటున్న ఒక తెలుగు కుటుంబం తరఫున, గూగుల్‌లో వారి శోధన ప్రకటనల ఖాతా చూసుకునే గుమాస్తా, ప్రకటన చెల్లదని గూగుల్ వేసే ముద్ర అయిన తమరికి నమస్కరించి వ్రాసుకునే విన్నపం. తమరు మా ఖాతాలో ఎర్రక్షరాలతో వెలసిన నాటి నుంచి ఇక్కడ అందరమూ క్షేమం, ఒక్క కత్తిపీట తప్ప.

రోలు, రోకలి, కవ్వం, గుంతపొంగనాల పెనం తమ పరిశీలనలో ఎలాగో గట్టెక్కాయి. కత్తిపీట మాత్రం, కీవర్డుతో (ఎవరైనా వెతికితే మా ప్రకటన కనబడాలని మేము ఎంచుకున్న మాటతో) సహా, ప్రమాదకర ఆయుధాల పద్దు కింద ఆగిపోయింది. తమ విధాన పత్రాన్ని ఆసాంతం చదివితే, నిషేధం పోరాటానికో ఆత్మరక్షణకో ఉద్దేశించిన కత్తులకే అని తెలుస్తోంది. నేల మీద కూర్చుని, మోకాలి కింద పీట నొక్కిపట్టి, బెండకాయలు తరుక్కునే ఈ సాధనంతో ఎవరినైనా గాయపరచాలంటే, ఆ ఎదుటి మనిషి ముందుగా వచ్చి, పక్కనే ఒంగి కూర్చుని, మెడ అందించి సహకరించవలసి ఉంటుంది. ఈ సంగతి తమకు వివరించే అవకాశమే దొరకలేదు. దుకాణం పెద్ద శెట్టిగారు మాత్రం రోజూ గల్లా పెట్టె దగ్గర నుంచే, "ఏం నాయనా, మన కత్తిపీటకు బెయిలు దొరికిందా?" అని విచారిస్తున్నారు.

తిరస్కరించడం తమ హక్కు, అందులో మాకు తగవు లేదు. నకిలీ మందులూ మోసపు అప్పుల యాప్‌లూ పై వరుసలోకి ఎక్కకుండా ఎవరో ఒకరు కాపలా కాయవలసిందే. తగవంతా తమరు కారణం చెప్పే తీరుతోనే. తిరస్కారం కింద రెండు మూడు మాటలు, వాటికొక లింకు ఉంటాయి. ఆ లింకు నొక్కితే దోషం కనబడదు, సమస్త ప్రపంచానికీ వర్తించే విధాన గ్రంథం తెరుచుకుంటుంది. తప్పు కీవర్డులో ఉందో, 30 అక్షరాల శీర్షికలో ఉందో, 90 అక్షరాల వివరణలో ఉందో, బొమ్మలో ఉందో, ప్రకటన నొక్కితే తెరుచుకునే ల్యాండింగ్ పేజీ అడుగున ఎక్కడో ఉన్న వేరే సరుకు పేరులో ఉందో తమరు చెప్పరు. కాబట్టి మేము ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్లీ సమర్పించి, సాధారణంగా ఒక పనిదినంలో వచ్చే తీర్పు కోసం ఎదురుచూసి, అది కాదని తేలాక మరొకటి మార్చాలి. ఒకేసారి రెండు మార్చితే ప్రకటన గట్టెక్కవచ్చు గాని, ఏది మార్చినందువల్ల గట్టెక్కిందో ఎన్నటికీ తెలియదు. ఈ పరిశోధనలో బయటపడిన వింత ఏమిటంటే, తిరస్కృతమైన ప్రకటననే ఒక్క అక్షరం మార్చకుండా నకలు తీసి సమర్పిస్తే, ఆ నకలుకు అనుమతి వచ్చింది. అసలు మాత్రం ఇప్పటికీ ఎర్రగానే ఉంది.

అప్పీలు సంగతి మరీ రమ్యంగా ఉంది. అందులో తమరు మాకు రెండే గడులు ఇచ్చారు: విధానానికి తగినట్టు మార్పులు చేశామని ఒకటి, నిర్ణయంతో విభేదిస్తున్నామని మరొకటి. తప్పేమిటో తెలియనివాడు మార్పు చేశానని ఎలా అంటాడు, ఏ నిర్ణయమో పూర్తిగా తెలియకుండా దానితో ఎలా విభేదిస్తాడు? ఈ ఊళ్లోనే మద్రాసు హైకోర్టు ఉంది, మా దుకాణం నుంచి నడిచి వెళ్లేంత దూరం. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లు నడిపే కన్సిమ్ ఇన్ఫో సంస్థ, తన ట్రేడ్‌మార్కులలోని మాటలను పోటీదారులు ప్రకటనల కీవర్డులుగా వాడుకోవడంపై గూగుల్ ఇండియా తదితరుల మీద వేసిన దావాలో, ఆ కోర్టు ఇరుపక్షాల వాదనలు విని, ఏ మాట ఎందుకు ఎవరి సొత్తు అవుతుందో కాదో కారణాలతో సహా చర్చించి, 2010లో ఉత్తర్వు ఇచ్చింది. కీవర్డు గురించి కారణాలు రాయడం మానవమాత్రులకు సాధ్యమేనని అప్పుడే రుజువైంది. యంత్రాలకు ఏం అడ్డొచ్చిందో తమరే సెలవివ్వాలి.

తరువాత కొన్నాళ్లకు, ఆయుధం సంగతి అలా ఉండగానే, పొంగనాల పెనం మీద కూడా తమ ముద్ర పడింది. ఈసారి అభియోగం: గమ్యం పనిచేయడం లేదు. మా వెబ్‌సైటు చెన్నైలో ఏ ఫోనులో నొక్కినా చక్కగా తెరుచుకుంటోంది. నెల్లూరు నుంచి శెట్టిగారి మేనకోడలు తెరిచి చూసి, "మామయ్యా, పెనం ధరతో సహా కనిపిస్తోంది" అని చెప్పింది. చివరకు సర్వరు లాగులు, అంటే రాకపోకల చిట్టాలు, తిరగేస్తే కథ తెలిసింది. పేజీలను తనిఖీ చేయడానికి తమరు పంపే బాట్ అనే తనిఖీ యంత్రం విదేశీ ఐపీ చిరునామా నుంచి వచ్చింది. మా వెబ్‌సైటును ఉంచే హోస్టింగ్ వారి కాపలా గోడ, అదే ఫైర్‌వాల్, పరాయి దేశపు యంత్రాలన్నిటినీ దొంగలుగా ఎంచి 403, అంటే ప్రవేశం లేదనే కోడు, చూపించి పంపేసింది. బాట్‌కు దారి తెరిపించాక ఆ గొడవ తీరింది. ఆ 403 అనే మూడంకెలను తమరు ఆ ఎర్రక్షరాల పక్కనే వేసి ఉంటే, మేనకోడలిని సాక్ష్యానికి పిలవవలసిన పని ఉండేది కాదు.

అది తీరిందనుకుంటే, క్లిక్కుల ఆచూకీ కోసం లింకుకు తగిలించే ట్రాకింగ్ టెంప్లేటు మొదలుపెట్టింది. క్లిక్కులు లెక్కించే బయటి సంస్థ పంపిన టెంప్లేటులో, అప్పటికే ఒక ప్రశ్నార్థకం ఉన్న లింకుకు యాంపర్‌సాండ్ (&) చేర్చవలసిన చోట మరో ప్రశ్నార్థకం చేర్చారు. దాంతో సగం పేజీలు తెరుచుకోలేదు, తెరుచుకున్న వాటిలో కూడా, ఏ క్లిక్కు ద్వారా వచ్చారో చెప్పే క్లిక్కు గుర్తింపు సంఖ్య దారిలో రాలిపోయింది.

ఇక్కడే తమ సోదరులు క్లిక్ గారి ప్రస్తావన తేక తప్పదు. తమ డ్యాష్‌బోర్డు చెప్పే క్లిక్కులకూ, మా వెబ్‌సైటు లెక్కలోని సందర్శనలకూ ఏనాడూ పొంతన కుదరలేదు. దీనికి న్యాయమైన కారణాలు చాలా ఉన్నాయని ఒప్పుకుంటాను. ఒకే మనిషి కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు నొక్కితే తమకు అవి రెండు క్లిక్కులు, మాకు ఒక్కటే సందర్శన. పేజీ తెరుచుకునే లోపే వెనక్కి వెళ్లిపోయినవారు తమ లెక్కలో ఉంటారు, మా లెక్కలో ఉండరు. ఐఫోనులో 2023లో వచ్చిన ఐఓఎస్ 17, సఫారీ బ్రౌజరు ప్రైవేటు కిటికీల్లో లింకుల నుంచి క్లిక్కు గుర్తింపు సంఖ్యను తొలగిస్తోంది. పైగా అమ్మకాన్ని తమరు క్లిక్కు పడిన రోజుకు జమ కడతారు, మేము డబ్బు చేతికందిన రోజుకు రాస్తాము. అందుచేత సోమవారం నొక్కి గురువారం కొన్న రోలు, రెండు పుస్తకాల్లో రెండు వేర్వేరు రోజుల్లో అమ్ముడుపోతుంది. ఇవన్నీ శెట్టిగారికి ఓపికగా వివరించాను. ఆయన అంతా విని, "మరి బిల్లు ఎవరి లెక్క ప్రకారం వస్తుంది నాయనా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

బిల్లు తమ లెక్క ప్రకారమే వస్తుంది. 18 శాతం జీఎస్టీతో, పైసలతో సహా వస్తుంది. అందులో ఎన్నడూ "కారణం: ఇతరములు" అని ఉండదు. మేము రోజుకింతని బడ్జెట్ పెడితే, బేరం బాగున్న రోజున దానికి రెట్టింపు దాకా తమరు ఖర్చు చేయగలరు. నెలకు సగటున 30.4 రోజులని లెక్కగట్టి, ఆ మొత్తాన్ని మాత్రం దాటరు. ఆ దశాంశ బిందువు దగ్గర తమరు చూపిన నిష్ఠ మా కత్తిపీట దగ్గర ఏమైందన్నదే నా బాధ. ఎవరు ఏ మాట వెతికి మా ప్రకటన నొక్కారో చూద్దామని శోధన పదాల నివేదిక తెరిస్తే, 2020 సెప్టెంబరు నుంచి తక్కువమంది వెతికిన మాటలను తమరు అందులో చూపడమే మానేశారు. పెళ్లిపీటల కోసం వెతికినవారు మా పీట మీద నొక్కితే డబ్బు మాదే, మాట మాత్రం తమ రహస్యం. 1998లో గోటూ డాట్ కామ్ అనే శోధన సైటు వారు, క్లిక్కుకు ఎక్కువ ఇస్తామన్నవారిని పైన చూపే ఈ క్లిక్కుల వేలం మొదలుపెట్టినప్పుడు, ఏ ప్రకటనకు ఎంత పాట పాడారో ఆ ప్రకటన పక్కనే అందరికీ కనబడేలా వేసేవారు. వంశంలో తమ పూర్వీకులు ఇంత దాపరికం లేనివారని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఇక తెలుగు లిపిలో పెట్టిన కీవర్డుల సంగతి. వాటిని తమరు తిరస్కరించలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "తక్కువ శోధనలు" అనే చీటీ అంటించి నిద్రపుచ్చారు. చెన్నై విల్లివాక్కంలోని తెలుగు ఇల్లాలు ఇంగ్లీషు అక్షరాలలోనే తెలుగు టైపు చేస్తుంది గనుక ఇందులో తమ దోషం స్వల్పమే.

కావున తమరిని కోరేది ఇంతే. ముద్ర వేసేటప్పుడు ఏ మాట మీద అనుమానం వచ్చిందో ఆ మాట కింద గీత గీయండి. పేజీ తెరుచుకోలేదంటే, బాట్ ఏ గంటకు వచ్చిందో, ఏ దేశం నుంచి వచ్చిందో, ఏ కోడు చూసి వెనుదిరిగిందో ఒక వరుస రాయండి. అప్పీలులో "దోషమేమిటో తెలుపగలరు" అనే మూడో గడి చేర్చండి. ఇవన్నీ తమ వద్ద ఇప్పటికే ఉన్న వివరాలే, కొత్తగా సేకరించనక్కర్లేదు. ఈ విన్నపానికి కూడా విధాన గ్రంథం లింకునే జవాబుగా పంపదలచుకుంటే, దయచేసి ఈసారి శెట్టిగారి పేరుకే పంపండి. ఆయన దగ్గర తీరిక ఉంది, కత్తిపీటలూ చాలా మిగిలి ఉన్నాయి.

ఇట్లు,
తమ అనుమతికై నిరీక్షించు
గుమాస్తా