శ్రీయుత ‘చిత్రం స్పష్టంగా లేదు’ గారికి

మహారాజశ్రీ కంటి ఫోటోలు చదివే యంత్రం గారి సముఖానికి,

విషయం: తమరు చూడని కళ్ళను చూసినట్టు రాసుకోవడం గురించి.

నిన్న సాయంత్రం తమరి మెసేజ్ మా అమ్మ ఫోనుకు చేరింది. ‘మీ కంటి స్క్రీనింగ్ విజయవంతంగా పూర్తయినది. వచ్చే సంవత్సరం మరల హాజరు కాగలరు’ అని. అమ్మకు ఫోను మీది అక్షరాలు ఆనవు కాబట్టి నేనే చదివి వినిపించినాను. ఆమె చేతిలోని చాట పక్కన పెట్టి, “ఏం పూర్తయింది పాపా? ఆ పొద్దు మిషను నన్ను వద్దనింది గదా?” అనింది. జవాబు తమరి దగ్గరే ఉంటుందని ఈ ఉత్తరం.

తమరు వస్తున్నారని ఆశా అక్క ముందే చెప్పింది. “డాక్టరు రాకపోయినా పర్వాలేదంట పిన్నీ. ఫోటో తీస్తే షుగర్ కంట్లోకి దిగిందా లేదా మిషనే చెప్తాదంట.” పత్తికొండ పక్క పల్లె నుంచి కర్నూలు పోయి రావడమంటే ఏమిటో తమరికి తెలిసే అవకాశం లేదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమే, కాదనను. కూలి ఉచితం కాదు. పోయేది ఇద్దరి కూలి. కంట్లో చుక్కలేస్తే ఆ పూటంతా ఎండలో కళ్ళు తెరుచుకోవు. అందుకే తమరు మా ఊరికే వస్తున్నారంటే నిజంగా సంబరపడినాం. ఈ వాక్యంలో వ్యంగ్యం లేదు, వెతక్కండి.

తమరి వంశచరిత్ర కూడా చదివినాను. 2016లో గూగుల్ వాళ్ళు 1,28,175 రెటీనా (కంటి వెనక పొర) బొమ్మలు పెట్టి, 54 మంది కంటి డాక్టర్లు, సీనియర్ రెసిడెంట్లు కలిసి ఆ బొమ్మలకు జబ్బు ఎంతుందో గ్రేడు వేయగా, తమరి పెద్దన్నకు చదువు చెప్పించినారు. జామా అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఆ బొమ్మల్లో మన దేశంలోని మూడు కంటాసుపత్రులవీ ఉన్నాయి. అంటే తమరు అక్షరాలు దిద్దుకున్నది మావాళ్ళ కళ్ళ మీదే. 2018 ఏప్రిల్‌లో మీ వంశంలోనే ఇంకొకాయనకు అమెరికాలో ఎఫ్‌డీఏ (మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ) అనుమతి దొరికింది, డాక్టరు పక్కన లేకుండానే తీర్పు చెప్పడానికి. 900 మంది మీద పరీక్షిస్తే, జబ్బున్న వాళ్ళలో నూటికి 87 మందిని పట్టినాడు, లేనివాళ్ళలో 90 మందిని లేదనే చెప్పినాడు. ఘనమైన వంశం. మా అమ్మకు మాత్రం తమరి వంశంలో ఎవరు దొరికినారో చెబుతాను.

తమరికి చీకటి కావాలి. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, అప్పుడే చుక్కలు వేయకుండా లోపలి ఫోటో వస్తుంది. బాగుంది. ఆ గదికి కర్టెన్ లేదు గనక కిటికీకి తమరి ప్రారంభోత్సవం ఫ్లెక్సీనే కట్టినారు. అందులో ఒక పెద్దాయన కంటి దగ్గర సరిగ్గా చిల్లు పడింది. ఆ కంట్లోంచి కర్నూలు జిల్లా ఎండ నేరుగా వచ్చి అమ్మ మొహం మీద పడుతోంది.

ట్యాబ్ పట్టుకున్న పిల్లోడు మంచోడే. “అవ్వా, గడ్డం ఈడ పెట్టు. నుదురు పట్టీకి ఆనించు. పచ్చ చుక్కను చూడు, రెప్ప కొట్టొద్దు.”

“పచ్చ చుక్క యాడుంది నాయనా?”

“లోపలే అవ్వా, నేరుగా చూడు.”

“లోపలంతా తెల్లగుంది నాయనా. పొగ కమ్మినట్టుంది.”

యంత్రం గారూ, పరీక్ష అక్కడికి అయిపోయింది. ఫ్లాష్ కొట్టకముందే రోగి తన జబ్బు తానే చెప్పేసింది. ఆ మాట రాసుకోవడానికి మీ ట్యాబ్‌లో గడి లేదు. ఆధార్‌కు గడి ఉంది, ఓటీపీకి గడి ఉంది, అమ్మ మొహాన్ని ఫోటో తీసి ఎక్కించడానికీ గడి ఉంది (ఆ ఫోటో మొదటిసారికే నచ్చింది మీకు). రోగి నోటి మాటకు లేదు.

ఫ్లాష్ కొట్టినారు. ‘చిత్రం స్పష్టంగా లేదు. మళ్ళీ ప్రయత్నించండి.’ మళ్ళీ కొట్టినారు. అదే. రెండో కన్ను పెట్టమన్నారు. ఒక కంట్లో వెలుగు పడితే రెండో కంటి పాప కూడా ముడుచుకుంటుందని, అది తేరుకునేదాకా ఆగాలని మీ కంపెనీ పుస్తకంలో లేకుండా ఉండదు. ఆగేదానికి బయట లైను ఒప్పుకోవాలి కదా. వయసు పైబడినవాళ్ళకు, ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకు అసలే పాప చిన్నది. మళ్ళీ ఫ్లాష్, మళ్ళీ అదే మాట. ఇక తప్పు ఎవరిదో తేలాలి కాబట్టి పిల్లోడు, “అవ్వా, నువ్వు తల కదిలిస్తాండావు” అన్నాడు. అమ్మ ఊపిరి బిగబట్టి రాయిలా కూర్చుంది. రాయిలా కూర్చున్నా మీకు నచ్చలేదు. ‘నాణ్యత చాలదు.’

రేషను షాపులో వేలిముద్ర పడదు. మీ దగ్గర కంటిపాప పడదు. మా అమ్మ ఒక మనిషని ఏ యంత్రం ముందు నిరూపించుకోవాలో ఒక జాబితా ఇప్పించండి.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా చెప్పండి. వెలుగు పోయే దారీ వచ్చే దారీ ఒకటే కదా? మీరు బయట నుంచి లోపలికి చూస్తే మసక. అంటే మా అమ్మకు లోపల నుంచి బయటికి మసకే. మీకు రెటీనా కనబడలేదంటే దారిలో ఏదో అడ్డం ఉండొచ్చు. శుక్లం కావచ్చు. కంటి లోపల రక్తం కారి నిండిందీ కావచ్చు, షుగర్ ముదిరితే జరిగేది అదే కదా. అంటే మీరు పక్కకు నెట్టే బొమ్మల్లోనే అందరికంటే జబ్బు ముదిరినవాళ్ళు ఉండొచ్చు. చదవలేని బొమ్మ కూడా ఒక రిపోర్టే. అది ‘మళ్ళీ ప్రయత్నించండి’ కాదు, ‘ఈ మనిషిని వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి’.

ఇది నా సొంత తెలివేమీ కాదు. ఇంగ్లండ్‌లో షుగర్ వాళ్ళ కంటి స్క్రీనింగ్‌లో ఫోటో చదవడానికి వీలుకాకపోతే ఆ మనిషిని స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగు వేసి కంటిని పెద్దది చేసి చూసే పరికరం) పరీక్షకు పంపిస్తారు. శుక్లం మరీ ముదిరి వెనక ఏముందో తెలియకపోతే చూసేదానికి అల్ట్రాసౌండ్ ఉంది. దారులు ఉన్నాయి. మీ దగ్గర ఉన్నది ‘మళ్ళీ’ బటన్ ఒక్కటే.

మీకు ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పినారు. థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్కుల్లో గూగుల్ వాళ్ళు తమ యంత్రాన్ని పెట్టి చూసుకుని, ఏం జరిగిందో 2020లో వాళ్ళే రాసుకున్నారు. మొదటి ఆరు నెలల్లో 1,838 బొమ్మలు పెడితే 21 శాతాన్ని యంత్రం తిప్పికొట్టింది. చీకటి చాలని గదులు, నత్త నడక ఇంటర్నెట్, లైన్లో జనం, విసిగిపోయిన నర్సులు. పేర్లు మారిస్తే మా ఊరే. అక్కడ జరిగింది చదివైనా మా గదికి ఒక నల్ల గుడ్డ తెచ్చుకోవచ్చు కదా మీవాళ్ళు?

దూరవైద్యం డాక్టరమ్మ సంగతి కూడా చెప్పాలి. తెర మీద బొమ్మ ఆగిపోయింది, గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. “ఏంటమ్మా సమస్య?” అంది. “కనబడ్డంలే మేడమ్” అనింది అమ్మ. “నెట్‌వర్క్ ప్రాబ్లం అమ్మా, కాసేపాగు” అంది ఆమె. లైను కట్ అయింది. ఆమెను ఏమీ అనను, ఆమె తప్పు కాదు. మధురై అరవింద్ కంటాసుపత్రి వాళ్ళ విజన్ సెంటర్లలో (పల్లెల దగ్గర పెట్టిన చిన్న కంటి క్లినిక్కుల్లో) ఇదే దూరవైద్యం, కానీ అక్కడ మనిషి ముందు స్లిట్ ల్యాంప్‌తో చూస్తాడు, ఆ తర్వాతే డాక్టరు వీడియోలో మాట్లాడేది, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపేది. ఫోటో, మాట, చీటీ మూడూ కలిస్తేనే పని జరుగుతుంది.

సరే, నీ గొప్ప కూడా ఒప్పుకోవాలి. మర్యాద ఎప్పుడు జారిందో గమనించలేదు, ఇక ‘నువ్వు’ అనే అంటాను. అమ్మ వెనక లైన్లో మా వీధి ఆటో ఆయన ఉన్నాడు. నలభై దాటలేదు, చూపు నిక్షేపంగా ఉంది. ఊరికే కూర్చున్నాడు, ఒక్క ఫ్లాష్‌కు నువ్వు పట్టేసినావు. ఎర్ర చుక్కలు, పసుపు మరకలు. షుగర్ కంట్లో చేసే పని తొలినాళ్ళలో మనిషికి తెలియదు. సన్నటి రక్తనాళాలు ఉబ్బుతాయి, కారతాయి, చూపు మాత్రం బాగానే ఉంటుంది. అందుకే రెండో రకం షుగర్ అని తేలిన రోజే కళ్ళు చూపించుకోవాలి, ఆపైన ఏటా చూపించుకోవాలి అంటారు. పోయిన చూపు చాలాసార్లు తిరిగి రాదు, లేజర్ ఉన్నది కాపాడేదానికే. ఆయన కర్నూలు పోయి చూపించుకున్నాడు, సకాలంలో వచ్చినావన్నారంట. నువ్వు లేకుంటే ఆయన వచ్చే ఏడు కూడా పోయేవాడు కాదు. ఆ మంచి నీదే. కాదనేంత చెడ్డదాన్ని కాను.

కానీ చూపు బాగున్నవాణ్ణి కాపాడి, చూపు లేనామెను ‘పూర్తయినది’ అంటావా? తొలకరి పడితే జొన్నగిరి చేలల్లో ఊళ్ళకు ఊళ్ళే దిగి వజ్రాలు వెతుకుతాయి. అమ్మ ఏటా పోయేది. వజ్రం ఎప్పుడూ దొరకలేదు, కానీ వానకు తడిసిన రాళ్ళల్లో ఏది ఉత్త పలుగురాయో నిలబడే చెప్పేది, వంగేది కూడా కాదు. ఈసారి గట్టు మీద కూర్చుని మిగతావాళ్ళ టిఫిన్ క్యారియర్లకు కాపలా కాసింది. ఆ కళ్ళను నువ్వు నీ లెక్కలో వేసుకున్నావు. నీ టార్గెట్‌లో ఒక అంకె పెరిగింది, ఎక్కడో ఒక మీటింగులో ఆ అంకెకు చప్పట్లు కూడా పడి ఉంటాయి. ‘చూడలేదు’ అనే గడి పెడితే శాతం తగ్గుతుందని కదా నీ భయం? తగ్గనీ. చూడనిది చూడలేదని రాయి. చేతకాకపోవడం తప్పు కాదు, దొంగ లెక్క రాయడం తప్పు. ఒక ఏడాది ఆగమన్నావే, ఆ ఏడాదిలో ఆ తెల్ల పొగ వెనక ఏం జరుగుతుందో నీకు తెలుసా? నీకు కనబడలేదని నీ తెర మీద నువ్వే రాసినావు కదా!

సోమవారం అమ్మను కర్నూలు కంటాసుపత్రికి తీసుకుపోతున్నాను. చుక్కలేసి, మనిషి కళ్ళతో మనిషి చూస్తాడు. ఆటో ఆయన పొద్దున్నే బస్టాండులో దింపుతానన్నాడు, డబ్బులు వద్దన్నాడు. ఈ ఉత్తరం రాస్తున్నానంటే నీకు తన నమస్కారాలు కూడా చెప్పమన్నాడు.

చెప్పినాను. అవి ఆయనవి మాత్రమే.