ఓటీ వల్లే ఉద్యోగాలు మానేస్తున్నారా?

డేటా సైన్స్ నేర్చుకునేవాళ్లలో ఐబీఎం అట్రిషన్ డేటాని (ఎవరు ఉద్యోగం మానేశారు, ఎవరు ఉన్నారు అనే పట్టికని) ముట్టుకోనివాళ్లు తక్కువే. డేటా పంచుకునే వెబ్‌సైట్ కాగుల్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1,470 మంది ఉద్యోగులు, 35 కాలమ్స్. మానేసినవాళ్లు 237 మంది. అమీర్‌పేటలో కోర్సు చేసే కుర్రాడైనా, అమెరికాలో ఎంఎస్ చేసే అమ్మాయైనా చివరి స్లైడులో తరచూ తేల్చేది ఒకటే: ఓవర్‌టైమ్ (ఓటీ) వల్ల జనం వెళ్లిపోతున్నారు.

అంకెలు చూస్తే అలాగే అనిపిస్తుంది. ఓటీ చేసే 416 మందిలో 127 మంది మానేశారు, అంటే 30.5 శాతం. చేయని 1,054 మందిలో 110 మందే, 10.4 శాతం. రెండు విషయాలకి సంబంధం ఉందో లేదో చూసే కై-స్క్వేర్ టెస్టు పెడితే పి వాల్యూ (సంబంధం లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం) దాదాపు సున్నా. రెండింటికీ సంబంధం లేదన్న నల్ హైపోథిసిస్ నిలబడదు. ఇంతవరకు పేచీ లేదు.

కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది ఈ టెస్టు చెప్పదు. ఆఫీసులో ఇద్దరు రాజీనామా పేపర్స్ పెడితే వాళ్ల పని మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. అప్పుడు ఓటీ కారణమా, ఫలితమా? ఈ డేటాలో తేదీలే లేవు, ఎలా తేలుస్తాం?

పైగా ఈ 1,470 మంది ఎక్కడా లేరు. ఐబీఎం డేటా సైంటిస్టులు కల్పించిన డేటా ఇది. ఆ మాట దాంతోపాటే రాసి ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. జీతం హైక్‌కీ పెర్ఫార్మెన్స్ రేటింగ్‌కీ మధ్య కోరిలేషన్ (రెండూ ఎంత కలిసి కదులుతాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.77 వస్తుంది. చూడగానే ముచ్చటేస్తుంది. కాలమ్స్ తెరిచి చూడండి. రేటింగుల్లో 3, 4 తప్ప వేరే అంకె లేదు. 3 వచ్చినవాళ్లకి హైక్ 11 నుంచి 19 శాతం, 4 వచ్చినవాళ్లకి 20 నుంచి 25. ఒక్కరూ ఆ గీత దాటరు. డేటా తయారుచేసినవాళ్ల రూలే మనకి తిరిగొచ్చిందన్నమాట. రేటింగ్‌ని బట్టి హైక్ ఇచ్చే ఏ కంపెనీలోనైనా ఇంతే. ఆ కోరిలేషన్ చెప్పేది హెచ్‌ఆర్ పాలసీ గురించి, ఉద్యోగుల గురించి కాదు.

ఇంకో చిక్కు: 1,470 మంది ఉంటే 0.06 కోరిలేషన్ కూడా 5 శాతం గీత దాటి (పి వాల్యూ 0.05 కన్నా తగ్గి) సిగ్నిఫికెంట్ అయిపోతుంది, అంటే కాకతాళీయం కాదనిపిస్తుంది. ఉద్యోగుల మధ్య తేడాల్లో అది వివరించేది 0.4 శాతం కూడా ఉండదు. ఒకదానితో ఒకటి ముడిపడని టెస్టులు 20 పెడితే, అసలేమీ లేకపోయినా ఒక్కటైనా అలా సిగ్నిఫికెంట్‌గా తగిలే అవకాశం 64 శాతం.

ఓటీ సంగతి నిజంగా తేలాలంటే టీముల్ని లాటరీ వేసి రెండుగా విడగొట్టి, ఒక సగానికి ఆరు నెలలు ఓటీ ఆపి చూడాలి. ఏ మేనేజరూ అంత తేలిగ్గా ఒప్పుకోడు. కనీసం ఒక్కొక్కరి ఓటీ గంటల్ని నెలవారీగా తీసి, రాజీనామా తేదీ పక్కన పెట్టి చూడొచ్చు. ఆ లెక్కలు పేరోల్ వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటాయి.